గని వడ్రంగి పెద్దకు శ్రద్ధాంజలి

(కుందలహళ్ళి సంస్మరణ సభలో చేసిన ప్రసంగము)



ఇటీవల మనలను వీడిన పెద్దలు కోలారు బంగారు గనులలో వడ్రంగిగా పనిచేసి, 2001లో ఆ గనులు మూతపడిన పిదప కుమారునితో కుందలహళ్ళి చేరిరి.

ఆ గనులకు 1902లోనే శివసముద్రము నుండి విద్యుచ్ఛక్తి వచ్చెను. చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్లను మించినది. అంత లోతున ఒత్తిడి మిక్కుటమై శిలలు హఠాత్తుగా పగిలిపడుచుండెడివి. అట్టి చోట తోడివారి తలలపై రాయి పడకుండ కొయ్య దన్నులు నిలుపుట వారి పని. నేను వర్తకుడను, బంగారము వెల కట్టగలను. ఆ కొయ్యకు వెల కట్టుట నా తరము గాదు.

తాము గనిలోనికి దిగుచు కుమారుని బడికి పంపిరి. ఇంట తెలుగు, వీథిలో కన్నడము, పనిలో తమిళము మాటలాడుచు ఏ భాషను చులకన చేయలేదు. ఇచ్చటి మన పిల్లలచే పలకపై ఓనమాలు దిద్దించిరి.

వారి ఉలి, బాడిస కుమారుని ఇంట భద్రముగా నున్నవి. వాటిని పట్టిన చేతి కథ మాత్రము ఎవరును వ్రాసి యుంచలేదు. మన ఇండ్లలో ఇంకను వృద్ధులున్నారు. వారు ఏ పని, ఎట్లు చేసిరో నేడే అడిగి, తెలుగులో వ్రాసి యుంచుడు.

వారి కుటుంబమునకు మన సంఘము సదా తోడుండును.