“ఎవరు?” అంటే “నేను” అంటే చాలదు

(సంఘ వార్షిక సమావేశంలో యువజనులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించి, ఉద్యోగాల గురించి ఈ వేదిక మీద ఏటా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి చూడడానికి చిన్నదిగా కనిపించే ఒక సంగతి ఎత్తుకుంటున్నాం. కొత్తవారి ముందు నిలబడి “నేను ఫలానా, నాకు ఫలానా పని వచ్చు” అని నాలుగు మాటల్లో చెప్పుకోవడం. ఇది చిన్న సంగతి కాదని ఒక కుర్రవాడి వల్ల మాకు తెలిసివచ్చింది.

మన సంఘం సాయంతో ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను కోర్సు పూర్తిచేసిన పిల్లవాడు. ఆ తర్వాత రెండేళ్లు రైసుమిల్లులో మోటార్ల పని చూశాడు. మోటారు చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పగలడు. ఒక కంపెనీలో ఖాళీ ఉన్నదంటే మేమే వెంట తీసుకుపోయాం. లోపల ఆఫీసరుగారు “నీ గురించి చెప్పు బాబూ” అన్నారట. మనవాడు తండ్రి పేరు, ఊరి పేరు చెప్పి, “ఏ పనైనా చేస్తాను సార్” అని చేతులు కట్టుకు నిలబడ్డాడు. రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాడు. ఉద్యోగం వేరొకరికి పోయింది. మిల్లులో చేసిన పని చెప్పలేదేమని అడిగితే, “వాళ్లు అడగలేదు కదండీ” అన్నాడు.

తప్పు వాడిది ఒక్కడిదే కాదు. ఫీజు కట్టాం, పుస్తకాలు కొనిచ్చాం, దారిఖర్చులిచ్చాం. నోరు తెరిచి చెప్పుకోవడం మాత్రం నేర్పలేదు. “ఏ పనైనా చేస్తాను” అన్నమాట మనకు వినయం. వినేవారికి మాత్రం “ఏ పనీ ప్రత్యేకంగా రాదు” అన్నట్టు వినిపిస్తుంది.

తన గురించి తాను చెప్పుకోవడం గర్వమని మన పెద్దల్లో చాలామంది అనుకుంటారు. గర్వం వేరు, స్పష్టత వేరు. హజ్రత్ జాబిర్ (రజి) తమ తండ్రిగారి అప్పు విషయమై దైవప్రవక్త (స) ఇంటికి వెళ్లి తలుపు తట్టిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉన్నది. లోపలినుంచి ఎవరని అడిగితే ఆయన “నేను” అన్నారు. ఆ జవాబు ప్రవక్తకు నచ్చలేదు. “నేను” అంటే ఎవరికి తెలుస్తుంది? పేరు చెప్పడం ఎదుటివారి పట్ల మర్యాద. అడిగేవారిని చీకట్లో నిలబెట్టకపోవడం మన అదబు.

యూసుఫ్ అలైహిస్సలాం సంగతి చూడండి. తండ్రి యాఖూబ్, తాత ఇస్‌హాఖ్, ముత్తాత ఇబ్రాహీం, అందరూ ప్రవక్తలే. చెరసాలలో తోటి ఖైదీలకు ఆ వంశం గురించి ఆయన చెప్పారు. కానీ ఈజిప్టు రాజు ఎదుట ధాన్యాగారాల బాధ్యత అడిగినప్పుడు వంశం ఎత్తలేదు. కాపాడగలను, ఆ పని తెలిసినవాణ్ణి అని రెండే అర్హతలు చెప్పుకున్నారు. రానున్నది ఏడేళ్ల కరువు. అలాంటప్పుడు బిడియపడి ఊరుకుంటే నష్టపోయేది ఆయన ఒక్కరే కాదు గదా!

మరి మనమేం చేస్తున్నాం? “మా చిచ్చాగారు పంపించారండీ” అని మొదలుపెడుతున్నాం. చిచ్చా సిఫారసు గుమ్మందాకా తీసుకుపోతుంది. గుమ్మం దాటాక మాట్లాడవలసింది మనమే.

ఇక పేరు. మన తరగతి గదుల్లో “షేక్” అని పిలిస్తే నలుగురు లేస్తారు. అందుచేత పిలిచే పేరు విడిగా, నిదానంగా చెప్పాలి. సర్టిఫికెట్టులో ఒక తీరుగా, ఆధార్‌లో మరొక తీరుగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోవాలి. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవారికి సందర్శక వీసాపై ప్రవేశం లేదన్నది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలునని వెంటనే సడలించింది. గల్ఫు దేశాలకు వెళ్లే మన కుటుంబాలకు పేరు అంటే ఎంత పనో దీన్నిబట్టే తెలుస్తుంది.

పేరు వినగానే ముఖం మార్చుకునేవారు లేరని మేము అనము. ఉన్నారు. ఆ భయంతో కొందరు పిల్లలు సగం పేరు మింగేసి, వేరేలా వినపడేట్టు చెబుతున్నారు. అది వద్దు నాయనా! ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానాగారు తన పేరుతోనే నాదస్వరం వాయించారు, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. పేరు నిండుగా చెప్పి, వెంటనే పని చెప్పండి. వినేవారి దృష్టి పని మీదికి మళ్లించవలసినది మనమే.

పలకరింపు అయ్యాక నాలుగు మాటలు చాలు: పేరు, నేర్చిన పని, ఎక్కడ ఎన్నాళ్లు చేశామన్నది, ఇప్పుడు వచ్చిన కారణం. “నా పేరు ఫలానా. ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియన్ని. రెండేళ్లు రైసుమిల్లులో మోటార్లు, స్టార్టర్లు బాగుచేశాను. మీ దగ్గర మెయింటెనెన్సులో ఖాళీ ఉందని తెలిసి వచ్చాను.” ఇందులో గొప్పలు లేవు, అబద్ధం లేదు. రానిది వచ్చునని మాత్రం అనకూడదు. మొదటిరోజే బయటపడుతుంది.

చెల్లెమ్మలకూ ఒక మాట. ఏం చేస్తున్నారంటే “ఊరికే ఇంట్లోనే ఉంటానండీ” అంటారు. వీధిలో సగం జాకెట్లు కుట్టేది ఆవిడే! మగ్గం పని చేసేవారు, పిల్లలకు ట్యూషన్లు చెప్పేవారు ఊరికే ఉన్నట్టా? బ్యాంకులో అప్పు అడిగినా, డ్వాక్రా సంఘంలో లేచి మాట్లాడినా ఆ పని పేరు చెప్పండి.

ఆ కుర్రవాణ్ణి తరువాత మా ఆఫీసు గదిలోనే కూర్చోబెట్టి పదిసార్లు చెప్పించాం. మొదట గొంతు వణికింది. పదోసారికి తలెత్తి చెప్పాడు. ఇంకొకచోట అలాగే చెబితే, “అయితే ఈ మోటారు చూడు” అని ముందు పెట్టారట. ఆ తర్వాత వాడి చేతులే మాట్లాడాయి. ఇప్పుడు అక్కడే పనిచేస్తున్నాడు.

అందుకని ఒక ప్రతిపాదన. ఇకమీదట స్కాలర్‌షిప్పు అందుకునే ప్రతి బిడ్డా ఈ మైకు ముందు నిలబడి తన గురించి నాలుగు మాటలు చెప్పాలి. తడబడితే నవ్వకుండా వినడం మన పెద్దల వంతు. అల్లాహ్ మన పిల్లలకు చేతిలో పనీ, నోట సత్యమూ, మాటలో స్పష్టతా ప్రసాదించుగాక! ఆమీన్.

వస్సలాం.