ఇంట్లో పిల్లి, ఒంట్లో కీమో
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముప్ఫై ఏళ్లు ఎరువుల కర్మాగారంలో భద్రతా విభాగం చూసినవాణ్ణి కాబట్టి, పారిశ్రామిక భద్రత మీద నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు అడిగారు. భద్రత గురించే చెబుతాను. కాకపోతే కర్మాగారంలో భద్రత కాదు, క్యాన్సర్ చికిత్స జరుగుతున్న ఇంట్లో ఒక పిల్లి గురించి. నవ్వేవాళ్లు నవ్వండి, తప్పులేదు. మన వయసుకి ఈ జబ్బు తలుపు తట్టని ఇల్లు తగ్గిపోతోంది. పిల్లలు అమెరికాకో బెంగళూరుకో వెళ్లిపోయాక కుక్కో పిల్లో చేరని ఇల్లూ తగ్గిపోతోంది.

మా ఆవిడకు రొమ్ము క్యాన్సర్ అని తేలేనాటికి మా కిట్టుకి తొమ్మిదేళ్లు. వర్షంలో స్కూటర్ కింద దొరికిన పిల్లి. ఆపరేషన్ అయింది, మూడు వారాలకొకటి చొప్పున ఆరు విడతల కీమో అన్నారు. ఆ వారమే ఇంటికొచ్చిన చుట్టాల్లో ప్రతి ఒక్కరూ కాఫీ తాగుతూ ఒకటే మాట: ముందు ఆ పిల్లిని వదిలించండి. మా అత్తగారు అన్నారు, మా అక్కయ్య అంది. ఒకాయనైతే గోనెసంచిలో వేసుకుపోయి చేపల మార్కెట్ దగ్గర వదిలేస్తానని సాయానికి కూడా సిద్ధపడ్డాడు. మా ఆవిడ అందరి ముందూ ఏమీ అనలేదు. రాత్రి మాత్రం, “జుట్టు పోతుందన్నారు, సరే అన్నాను. వాణ్ణి కూడా పంపేయాలా?” అని అడిగింది.

నాకు తెలిసిన పద్ధతి ఒకటే. మా ప్లాంటులో అమోనియా ఉంటుంది. ప్రమాదకరమని ప్లాంటు మూసేయం. అది ఎక్కణ్ణుంచి బయటపడగలదు, ఏ దారిలో మనిషిని చేరగలదు, ఆ దారిలో ఎక్కడ వాల్వు బిగించాలి అని చూస్తాం. అదే ప్రశ్న పట్టుకుని ఆంకాలజిస్టు దగ్గరికి వెళ్లాం, పశువైద్యుడి దగ్గరికీ వెళ్లాం. ఇద్దరినీ అడగాలి. ఒకరికి మనిషి తెలుసు, ఒకరికి పిల్లి తెలుసు.

మొదట మనిషి సంగతి. కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జనీ దెబ్బతీస్తుంది. సూక్ష్మజీవులతో ముందుగా పోరాడే తెల్లకణాలు న్యూట్రోఫిల్స్. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 1500 పైన ఉండాల్సినవి బాగా పడిపోతాయి. 500 కిందికి దిగితే చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణాల మీదికి తెస్తుంది. చాలా మందులకు ఈ పడిపోవడం కీమో ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య జరుగుతుంది. ఆ రోజులకు క్యాలెండర్‌లో ఎర్ర సున్నాలు చుట్టి ఫ్రిజ్ మీద అంటించాను. ఆ రోజుల్లో కిట్టు ఆమె మంచం ఎక్కడానికి లేదు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే, అర్ధరాత్రయినా ఆసుపత్రికే. పారాసిటమాల్ వేసుకుని పొద్దున చూద్దాం అనే మాట లేదు. ఇది పిల్లి ఉన్నా లేకపోయినా ఒకటే.

ఇక అందరూ భయపెట్టే టాక్సోప్లాస్మా. మన సైన్సు మాస్టారు మలేరియా క్రిమి జీవితచక్రాన్ని రంగు సుద్దలతో బోర్డు నిండా వేసేవారు, గుర్తుందా? ఈ టాక్సోప్లాస్మా దానికి దూరపు చుట్టమే. 1908లో కనిపెట్టారు కానీ, దీని చక్రంలో పిల్లి పాత్ర ఏమిటో తేలడానికి 1970 దాకా పట్టింది. ఆ పనిలో మన దేశంలో పుట్టిన జె.పి. దూబే ఒకరు. వాళ్లు తేల్చిన దాంట్లోనే మనకు కావలసిన వాల్వు ఉంది. పిల్లికి ఈ క్రిమి మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలపాటు మలంలో దాని గుడ్ల లాంటివి పోతాయి. ఆ తర్వాత సాధారణంగా పోవు. పోయినవి కూడా వెంటనే అంటుకోవు. బయట ఒకటి నుంచి ఐదు రోజులు ఉంటేనే అంటుకునే స్థితికి వస్తాయి. అంటే లిట్టర్ ట్రేని రోజూ ఎత్తేస్తే దారిలో సగం మూసినట్టే. మిగతా సగం, ఆ పని రోగి చేయకపోవడం. మా ఇంట్లో ఆ పని నాది అయింది. చేతికి గ్లవ్స్, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం, ట్రే వంటింటికి దూరంగా వెనక వరండాలో.

పిల్లిని నిమిరితే ఈ జబ్బు రావడం అరుదు. సరిగ్గా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, పెరటి మట్టి, ఇవే మనుషులకు పెద్ద దారులు. పిల్లిని గెంటేసి, కొత్తిమీర కట్టని ఓసారి నీళ్లలో ముంచి పచ్చడి నూరేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇంకొకటి. ఎప్పుడో చిన్నప్పుడు సోకి ఒంట్లో నిద్రపోతున్న క్రిమి, నిరోధకశక్తి బాగా తగ్గినప్పుడు కొందరిలో లేస్తుంది. దానికి ఇప్పుడు పిల్లిని పంపి లాభం లేదు. రక్తపరీక్ష కావాలా అన్నది డాక్టరుగారు చెప్పాలి.

నాకు నిజంగా భయం వేసింది గోళ్లకీ పళ్లకీ. పిల్లి పన్ను సూదిలాంటిది, పైన చిన్న గాటే కనిపిస్తుంది కానీ సూక్ష్మజీవుల్ని లోతుకి దింపుతుంది. ఒక్కరోజులోనే వాచిపోవచ్చు. అందుకని రెండు వారాలకోసారి గోళ్లు కత్తిరించాం, చేత్తో ఆడించడం మానేసి కర్రకి గుడ్డపీలిక కట్టి ఆడించాం. మా ఆవిడ చేతికి పిక్ లైను, అంటే మందు ఎక్కించడానికి నెలల తరబడి ఉంచే గొట్టం వేశారు. వేలాడేది ఏదైనా పిల్లికి ఆటవస్తువే కదా. దాని మీద ఎప్పుడూ నిండు చేతుల జాకెట్టు. గోరు గీసుకుంటే పసుపు, కాఫీపొడి, కారం ఏదీ పెట్టకండి. పారే నీళ్లలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి. రేబిస్ అంటే మనకు కుక్కే గుర్తొస్తుంది, పిల్లి వల్ల కూడా వస్తుంది. కీమోలో ఉన్నవాళ్లకు చిన్న గీతకైనా టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అవసరం కావచ్చు. కాబట్టి టీకా వేసే చోట కీమో సంగతి ముందే చెప్పాలి. కిట్టుకి రేబిస్ టీకా మాత్రం ఏ ఏడాదీ తప్పలేదు.

గోరు ద్వారా వచ్చే మరో జ్వరానికి మూలం పిల్లి బొచ్చులో గెంతే పురుగులు, ఫ్లీలు. వాటికి పశువైద్యుడు ఇచ్చిన చుక్కల మందే వేయాలి. కుక్కల కోసం అమ్మే పర్మెత్రిన్ మందు పిల్లి ప్రాణం తీస్తుంది. పచ్చి చేప, పచ్చి మాంసం పెట్టడం మానేశాం. ఉడికించిన చేపే. వాడు రెండు రోజులు అలిగాడు, మూడోరోజు తిన్నాడు. అన్నిటికంటే కష్టమైంది గోడ దూకకుండా ఆపడం. బయట తిరిగే పిల్లి ఎలుకల్ని పడుతుంది, వీధి పిల్లులతో కొట్లాడుతుంది, కొత్త జబ్బులు తెస్తుంది. వెనక వరండా మొత్తం దోమల మెష్ కాదు, స్టీలు జాలీ బిగించాను. దోమల మెష్‌ని వాడు ఒక్క పూటలో చీల్చేస్తాడు.

ఎవరూ అడగని ప్రశ్న ఇంకోటి ఉంది. మనిషి వల్ల పిల్లికి ఏమవుతుంది? కీమో మందు రోగి మూత్రంలో, వాంతిలో సుమారు 48 గంటలు పోతూ ఉంటుంది. ఆ రెండు రోజులూ కమోడ్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి, వాంతి బకెట్ పిల్లికి అందకూడదు. కిందపడిన మాత్రని వెంటనే వెతకాలి. చర్మానికి రాసే ఫ్లోరోయురాసిల్ క్రీము రాసిన చేతిని నాకితే పిల్లి చచ్చిపోతుంది. మనం నిశ్చింతగా మింగే పారాసిటమాల్ ఒక్క మాత్ర దానికి చాలు, పోవడానికి. థైరాయిడ్ క్యాన్సర్‌కి రేడియో అయోడిన్ తీసుకున్నవాళ్లు ఇంట్లోవాళ్లకు దూరంగా ఉన్నట్టే, డాక్టరు చెప్పినన్నాళ్లు పిల్లికీ దూరంగా ఉండాలి.

అన్ని ఇళ్లకూ ఒకే లెక్క అనను. ఎముక మజ్జ మార్పిడి అయినవాళ్లకు, కణాలు వారాల తరబడి అట్టడుగున ఉండేవాళ్లకు, పిల్లిని కొన్నాళ్లు బంధువుల ఇంట్లో ఉంచమని డాక్టరు చెబితే ఉంచాల్సిందే. చికిత్స మధ్యలో కొత్త పిల్లిపిల్లను తెచ్చుకోకూడదు. పిల్లలకు విరేచనాలు, తామర, కొరకడం, గీరడం అన్నీ ఎక్కువ. పెద్దదైన పిల్లి, ఇంట్లోనే ఉండే పిల్లి వేరు. దానికి విరేచనాలు పట్టుకున్నా, బొచ్చు రాలి మచ్చలు పడ్డా, ముందు రోగి గదిలోంచి బయటికి, తర్వాత పశువైద్యుడి దగ్గరికి.

ఇంట్లో ఎవరికి కీమో జరుగుతోందో వాళ్లను తప్ప మిగతా అందర్నీ అడిగి నిర్ణయాలు తీసుకునే అలవాటు మనకు ఉంది. తిండి, నిద్ర, గుడి, పిల్లి అన్నీ. మా ఆవిడని అడిగాను. ఉంచుకుంటానంది, నియమాలన్నీ పాటిస్తానంది, ఎర్ర సున్నాల రోజుల్లో గది గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, అవతల నేల మీద పడుకున్న వాడితో మాట్లాడుకునేది. నాలుగో విడత తర్వాత నాతో మాట్లాడటానికి కూడా ఓపిక లేని రోజుల్లో వాడితో మాత్రం మాట్లాడేది. నాకు కొంచెం ఉక్రోషంగానే ఉండేది. ఆరు విడతలూ అయ్యాయి. ఒకసారి జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది, పిల్లికి సంబంధం లేదు. అయినా ఒక చుట్టం, “చెప్పానా!” అన్నారు.

భోజనాల దగ్గర కలవండి. ఎవరింట్లోనైనా ఈ పరిస్థితి ఉంటే, మీ డాక్టరుని అడగాల్సిన ప్రశ్నలు రాసి ఇస్తాను. స్టీలు జాలీ కొలతలు కావాలన్నా నా దగ్గర ఉన్నాయి.