కాలి పుండు - ప్లేట్‌లెట్ చికిత్స
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై నాలుగేళ్లు ట్రెజరీలో బిల్లులు చూసినవాణ్ణి. డి.ఎ. బకాయిల గురించి మాట్లాడతాననుకున్నవారు మన్నించాలి. ఈరోజు నా ఎడమ కాలి గురించి చెప్పడానికి కార్యదర్శిగారి అనుమతి తీసుకున్నాను.

నాకు ఇరవై రెండేళ్లుగా షుగరు. క్రిందటి వేసవిలో కొత్త చెప్పులు కరిచి బొటనవేలి క్రింద పొక్కు లేచింది. నాకు తెలియనే లేదు. వరండాలో గచ్చు మీద రక్తపు మరక చూసి మా ఆవిడ "ఇదెక్కడిదండీ?" అంది. చూస్తే నాదే. షుగరు వల్ల పాదంలో నరాలు మొద్దుబారితే నొప్పి తెలియదట. నొప్పి లేదు కదా అని రెండు నెలలు పసుపు, ఏదో ఆయింట్‌మెంటు రాసి గుడ్డ చుట్టాను. పిల్లలకు ఫోనులో చెప్పలేదు, మా ఆవిడను చెప్పనివ్వలేదు. ముమ్మాటికీ అది నా తప్పే. చివరకు వాసన వస్తే ఆసుపత్రికి వెళ్లాను. వేలు తీసేయవలసి రావచ్చునన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

మర్నాడు చూసిన సర్జనుగారు, ముందు చేయవలసినవన్నీ చేసి చూద్దామన్నారు. కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో డాప్లర్ పరీక్ష చేయించారు. చచ్చిన కండ కోసి శుభ్రం చేశారు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. పుండు మీద బరువు పడకుండా ప్రత్యేకమైన చెప్పు చేయించారు. నెల తిరిగేసరికి చీము పోయింది గాని, పుండు రూపాయి బిళ్లంత దగ్గర ఆగిపోయింది. అప్పుడు వచ్చింది పి.ఆర్.పి. మాట.

నాకర్థమైనంత చెబుతాను. మన రక్తంలో మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ప్లేట్‌లెట్లుంటాయి. డెంగ్యూ వస్తే మనం రోజూ లెక్క చూసుకునేవి అవే. గాయమైనచోట రక్తం ఆపడమే కాక, కొత్త కణాలను, రక్తనాళాలను పెంచే పదార్థాలను కూడా అవి విడుదల చేస్తాయి. నా చేతి నుంచి 20 మి.లీ. రక్తం తీసి, గడ్డకట్టకుండా మందున్న గొట్టంలో పోసి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పారు. మజ్జిగను కదపకుండా ఉంచితే తేట పైకి వచ్చినట్టు, ఎర్రకణాలు అడుగుకు పోయి లేత పసుపు ద్రవం పైన తేలింది. అందులో ప్లేట్‌లెట్లు దట్టంగా ఉన్న భాగాన్ని పుండు అంచుల్లో సూదితో ఎక్కించి, కొంత పైన వేసి కట్టుకట్టారు. వారానికొకసారి, ఆరుసార్లు చేశారు. నాలుగో వారం నుంచి అంచులు దగ్గరపడ్డాయి. పదో వారానికి పుండు పూడింది. వేలు నిలిచింది.

అంతా దాని మహిమే అని నేననను. చెప్పు వేసుకోకపోతే ఆ రక్తమంతా వృథా అని సర్జనుగారే అన్నారు. 2016లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలను కూర్చి చూసి, షుగరు పుండ్లకు ఇది మేలు చేయవచ్చునని, సాక్ష్యం మాత్రం బలంగా లేదని తేల్చింది. అమెరికాలో వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్, మానని షుగరు పుండ్లకు 20 వారాల దాకా దీని ఖర్చు భరించడానికి 2021లో ఒప్పుకుంది.

ఇక ముఖం సంగతి. మా చిన్నకోడలికి తోడుగా ఒక బ్యూటీ క్లినిక్కుకు వెళితే, అక్కడి అమ్మాయి "అంకుల్, ఇదే ముఖానికి చేయించుకుంటే పదేళ్లు తగ్గుతారు" అంది. నాలుగు సిట్టింగులకు చెప్పిన మొత్తం నా నెల పెన్షనుకు కాస్త తక్కువ. నాకిప్పుడు డెబ్బై మూడు. పదేళ్లు తగ్గితే అడిషనల్ క్వాంటం పోతుందేమోనమ్మా అన్నాను! సన్నని ముడతలు కొంత తగ్గవచ్చునని చిన్న చిన్న అధ్యయనాలున్నాయి గాని, పదేళ్లన్న మాటకు ఆధారం లేదు. మన ఆడపిల్లలు వెళ్లాలనుకుంటే, రక్తం తీసేది ఎవరు, సూది కొత్తదేనా, గొట్టం మీద పేరు రాస్తున్నారా అని అడగమనండి. అమెరికాలోని న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో ఈ సూదులు వేయించుకున్న కొందరు ఆడవారికి హెచ్.ఐ.వి. సోకింది. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2024లో ఆ వివరాలు ప్రచురించింది.

ఆస్పిరిన్ వంటి రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి, సొంతంగా మానకండి. నా పాదాలు ఇప్పుడు రోజూ రాత్రి మా ఆవిడ టార్చిలైటు వేసి తనిఖీ చేస్తోంది. ఆడిటు పార్టీ కూడా నన్నింత గట్టిగా చూడలేదు. ఆ చెప్పు వెంట తెచ్చాను, బయట బల్ల మీద ఉంది. భోజనాల ముందు ఎవరైనా చూడవచ్చు.