మిద్దెతోటలు
(మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన పెద్దలు భూమిని నమ్ముకొని బ్రదికినవారు. నేడు ఉప్పల్, నాచారము, మల్కాజిగిరి ప్రాంతములలో చేలుండిన చోట కర్మాగారములును మేడలును నిలిచినవి. భూమి పోయినది, దానితో సేద్యపు విద్యయు పోవలసినదేనా? పొలము లేకున్నను మిద్దె యున్నది.

ఇది వట్టి మాట కాదు. ఉప్పలునకు తూర్పున, వరంగల్లు బాటలోని నారపల్లియందు కథారచయిత శ్రీ తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు తమ యింటి మిద్దెపై కూరగాయలు పండించి, ఆ యనుభవమును గ్రంథముగా వెలయించిరి.

అయితే ఉత్సాహమునకు ముందు లెక్క చూడవలయును. అడుగు లోతు తడిమన్ను చదరపు మీటరునకు సుమారు 500 కిలోలు తూగును. కావున ఇంజనీరు నడిగి, మడులను స్లాబు నడుమ గాక దూలములపైన, గోడల వెంబడి నిలుపవలెను. నీరు నిలువరాదు. మన్నులో కొబ్బరిపొట్టు కలిపినచో బరువు తగ్గును. ఆకుకూరలకు అర అడుగు లోతు చాలును. మెంతి, తోటకూర నెలదినములలో కోతకు వచ్చును. వంగకు, టమాటాకు అడుగు లోతు కావలయును. వేసవిలో నీడవల కట్టవలెను. వంటింటి తుక్కే కుళ్లి యెరువగును.

నగరపు మురుగు కలసిన మూసీ నీటితో దిగువ భూములలో ఆకుకూరలు పండుచున్నవి. మన పిల్లలు తిను కూర యే నీట పెరిగినదో మన మెరుగవలదా?

పల్లెలో సేద్యము చేసి, నేడు కుమారుల యిండ్లలో ఊరక కూర్చుండిన వృద్ధులు మనలో గలరు. వారి విద్య వారితోనే అంతరింపరాదు. మేడలుగల దాతలు అద్దెకున్నవారికిని మిద్దె తలుపు తెరువవలయును; వృద్ధులు బాలురచే విత్తు నాటింపవలయును. ఇదియే నా విన్నపము.