పాప, పరీక్ష, నైట్ షిఫ్ట్: నాలుగు నెలల ముచ్చట

మంచిర్యాల నుంచి మాట్లాడుతున్న. వీడియో పెట్టక నాలుగు నెలలైంది. "అన్నా ఏడికి పోయినవ్", "సర్దార్ పరీక్ష ఏమైంది" అని మీరు పెట్టిన కామెంట్లు చూస్తనే ఉన్న, జవాబు ఇయ్యలే. ఇయ్యాల అన్నీ చెప్త. కొంచెం గొంతు తగ్గించి మాట్లాడుతున్న, ఏమనుకోవద్దు. పక్క రూంల పాప పడుకుంది.

అవును, ఆడపిల్ల పుట్టింది.

కొత్తగ చూసేటోళ్ల కోసం రెండు ముక్కలు. నేను సింగరేణిల జనరల్ మజ్దూర్‌ని. శ్రీరాంపూర్ ఏరియాల ఒక అండర్‌గ్రౌండ్ బాయిల పని. మా బాపు ముప్పై ఒక్క ఏండ్లు బాయి పని చేసి మెడికల్ అన్‌ఫిట్ అయిండు. మా ఇండ్లల్ల అందరికి తెలిసిన కథే: 2017ల హైకోర్టు వారసత్వ ఉద్యోగాల పథకాన్ని కొట్టేసింది, తర్వాత కారుణ్య నియామకాలు వచ్చినయి, అట్ల నాకు నౌకరి దొరికింది. డిగ్రీ చదివి మజ్దూర్‌గ చేరిన. జీవితమంత ఇదే కేటగిరీల ఉండొద్దని మైనింగ్ సర్దార్ సర్టిఫికెట్ కోసం చదువుతున్న. అది డీజీఎంఎస్ పెట్టే పరీక్ష. పాసైతే టెక్నికల్ గ్రేడ్‌కి పోవచ్చు.

ఇగ అసలు ముచ్చట. పాప మంచిర్యాలల్నే పుట్టింది, నార్మల్ డెలివరీ. మూడో రోజు ఇంటికి పంపిండ్రు. మా ఇంటామెను తల్లిగారింటికి, లక్షెట్టిపేట దిక్కు తీసుకపోయిన. నాలుగో రోజు రాత్రి మళ్ల డ్యూటీ ఎక్కిన, నైట్ షిఫ్ట్. పొద్దున పైకొచ్చి, స్నానం చేసి, బండి మీద నేరుగ లక్షెట్టిపేటకు.

బాలింత గది ఎట్లుంటదో మీకు తెలుసు. గాలి తగలొద్దని కిటికీలన్ని మూసి, దుప్పటి కట్టి చీకటి చేసి పెడ్తరు. నేను రాత్రంత క్యాప్ ల్యాంప్ వెలుగుల పనిచేసి వచ్చిన మనిషిని. పాపను ఎత్తుకున్న, ముద్దు పెట్టుకున్న. మొఖం కొంచెం పచ్చగ అనిపించింది. అత్తమ్మ నలుగు పెట్టింది కద, పసుపు అనుకున్న. "మస్తు పడుకుంటుంది, అసలు ఏడుస్తనే లేదు" అన్నరు. సంబురపడ్డ. అక్కడ్నే ఓ మూలకు పండుకున్న.

పది గంటలకు ఆశా అక్క వచ్చింది. ఆసుపత్రిల పుట్టిన పిల్లల్ని ఆశా కార్యకర్తలు ఆరు సార్లు ఇంటికొచ్చి చూడాలె: 3, 7, 14, 21, 28, 42 రోజులకు. మూడో రోజు మేం ఆసుపత్రిల్నే ఉన్నమని ఆమె ఐదో రోజు వచ్చింది. వచ్చుడు వచ్చుడే దుప్పటి తీసి కిటికీ తెరిచింది. పాపను వెలుతురుల పట్టుకుని ముక్కు మీద వేలితో మెల్లగ ఒత్తి, తీసి చూసింది. ఒత్తిన కాడ పచ్చగ ఉంది. ఛాతీ మీద ఒత్తింది. కాళ్లు చూసింది. "ఎన్నిసార్లు పాలు తాగింది" అని అడిగింది. రాత్రి నుంచి మూడే సార్లు అన్నరు. ఆమె నన్ను లేపి, "తమ్మీ, ఇప్పుడే బయల్దేరు" అన్నది.

అత్తమ్మ "పొద్దటి ఎండల పెడ్తే పోతది" అన్నది. తప్పు ఆమెది కాదు, మన దగ్గర అందరు చెప్పే మాటనే అది. డాక్టర్ తర్వాత నాకు చెప్పిన సంగతి ఏందంటే, నెలలు నిండి పుట్టిన పిల్లల్ల సగం కంటె ఎక్కువ మందికి కామెర్లు కనిపిస్తయట, చాలమందికి వాటంతట అవే తగ్గుతయట. పుట్టిన పిల్లల కాలేయం ఇంక పూర్తిగ పని అందుకోదు, బిలిరుబిన్ అనే పచ్చ పదార్థం రక్తంల పేరుకుంటది. పాలు సరిగ తాగకపోతే ఇంక పెరుగుతది. కొంతమందిల మాత్రం హద్దు దాటుతది, మెదడుకు ఎక్కే ప్రమాదం ఉంటది. కిటికీ ఎండ దానికి సరిపోదు. పాపకు రక్తపరీక్ష చేస్తే పంతొమ్మిది దాటింది. వెంటనే నీలం లైటు కింద పెట్టిండ్రు. ఆ లైటుకు బిలిరుబిన్ రూపం మారి మలమూత్రాలల్ల బయటకు పోతదట.

తమ్ముళ్లు, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండ్రి. పుట్టిన ఇరవై నాలుగు గంటల లోపల్నే పచ్చగైనా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా, పాలు తాగకుండ మత్తుగ పడుకున్నా ఆగొద్దు. మేం "మంచిగ పడుకుంటుంది" అని సంబురపడ్డదే అసలు గుర్తు.

నాకు ఇప్పటికి కలుక్కుమనేది ఒకటుంది. నేను చదివే చదువే గుర్తుపట్టే చదువు. సర్దార్ షిఫ్టుకు ముందు జిల్లా అంత తిరిగి బండను కొట్టి శబ్దం వినాలె, గ్యాస్ చూడాలె. సేఫ్టీ ల్యాంప్ మంట తగ్గించి చూస్తే, మీథేన్ ఉన్న కాడ మంట మీద లేత నీలం టోపీ లెక్క కనపడ్తది. అది ఎంత ఎత్తుందో చూసి ఎంత శాతం ఉందో చెప్పాలె. దాన్ని నెలల తరబడి నేర్చుకున్న. చేతులున్న నా బిడ్డ మొఖం రంగు చూడలేకపోయిన.

ఇగ పరీక్ష. లైటు కింద పెట్టిన రెండో దినం సాయంత్రం నేను రైలెక్కాలె, తెల్లారి హైదరాబాద్‌ల పరీక్ష. నేను పోను అన్న. మా ఇంటామె "పో, నువ్వుండి చేసేదేముంది, పాలిచ్చేది నేనే కద" అన్నది. నేను పోయిన. నిజం చెప్తున్న, ఆ మాట వినంగనే నాకు లోపల కొంచెం హాయిగ అనిపించింది. ఆ వార్డుల కూసోవుడు నాకు చాతనైతలేదు.

పరీక్షల రిటర్న్ గాలిల మీథేన్ ఎంతకు మించొద్దు అని వచ్చింది. రిటర్న్ గాలిల 0.75 శాతం, బాయిల ఏ చోటయినా 1.25. నిద్రల లేపి అడిగినా చెప్త. ఆ రోజు 1.25 నొక్కి వచ్చిన. అసొంటివి ఇంక ఎన్నో. ఫెయిలైన. ఆరు మార్కులు తక్కువ.

వాపసు వచ్చేసరికి పాపకు తగ్గింది, లైటు తీసేసిండ్రు. మా ఇంటామె మాత్రం నాతోని మాట్లాడలే. నాలుగైదు దినాలైనంక అన్నది: "కండ్లకు గంతలు కట్టి పండవెట్టిన పిల్లను రాత్రంత ఒక్కదాన్నే చూసుకుంట కూసున్న. పొమ్మని నేనే అన్న, కాని నువ్వు పోతవనుకోలే." దానికి నా దగ్గర జవాబు లేకుండె. ఇప్పటికి లేదు.

బాపుకు ఫెయిలైన సంగతి చెప్పనీకి రెండు వారాలు పట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల ఫంక్షన్ అయినంక చెప్పిన. తిడ్తడు అనుకున్న. ఆయన కొద్దిసేపు ఊకుండి, "నువ్వు పుట్టిన్నాడు నేను సెకండ్ షిఫ్ట్‌ల ఉన్న రా. కబురు లోపలికొచ్చింది. మస్టర్ పోతదని షిఫ్ట్ అయినంకనే పైకొచ్చిన. మీ అవ్వ ఇప్పటికి అంటది" అన్నడు. లోపట్నుంచి అవ్వ "అంట, ఎందుకనను" అన్నది.

పని సంగతి. ఆ నెల సెలవులన్ని అయిపోయినయి. బాయి లోపల పనిచేసేటోళ్లకు ఏడాదికి సరిపడ హాజర్లు పడాలె, అప్పుడే పదిహేను రోజులకొకటి చొప్పున జీతంతోని సెలవు. అందుకే ఇప్పుడు ఒక్క నాగా లేకుండ పోతున్న. ప్రైవేట్ కంపెనీల పనిచేసే తమ్ముడొకాయన తండ్రికి సెలవు చట్టం ఉందా అని అడిగిండు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజులుంది. ప్రైవేట్‌ల తల్లులకు 2017 సవరణతోని 26 వారాలు. ప్రైవేట్‌ల తండ్రులకు దేశమంతటికి ఒక చట్టం అంటూ లేదు. జాయిన్ అయ్యేటప్పుడే మీ కంపెనీ రూల్ అడిగి పెట్టుకోండ్రి.

చదువు మళ్ల మొదలుపెట్టిన. పుస్తకం పట్టుకుని కూసునే టైం లేదు. అందుకే రెగ్యులేషన్లు నా గొంతుతోనే ఫోన్‌ల రికార్డ్ చేసుకున్న, పది పదిహేను నిమిషాలు ఒక్కొక్కటి. సెకండ్ షిఫ్ట్ వారం ఇంటికొచ్చినంక రాత్రి పాప డ్యూటీ నాది. పాలు తాగినంక భుజం మీద ఏసుకుని, ఒక చెవిల ఇయర్‌ఫోన్ పెట్టుకుని రూంల తిరుగుత. వెంటిలేషన్ చాప్టర్ మొత్తం అట్లనే అయింది. మా ఇంటామె అప్పుడు నాలుగు గంటలు ఒక్క తీరుగ పండుకుంటది. మొన్న పొద్దున తనే "ఆక్సిజన్ ఎంతకు తగ్గొద్దు" అని అడిగింది. పంతొమ్మిది శాతం అన్న. "కార్బన్ డయాక్సైడ్?" అర శాతం అన్న. నా రికార్డింగ్‌లు తను కూడ వింటుందట.

తర్వాతి నోటిఫికేషన్‌కు మళ్ల అప్లై చేస్త. ఈసారి తను, పాప కూడ హైదరాబాద్ వస్తరట. పరీక్ష రాసేటప్పుడు బయట మా అత్తమ్మ ఉంటది. గూడెం గుట్ట మొక్కు ఒకటి బాకీ ఉంది, అది అంతకంటె ముందే తీర్చాలె అంటున్నది అవ్వ.

ఆగుండ్రి... లేచినట్టుంది. డైపర్ అయ్యుంటది. గ్యాస్ టెస్టింగ్ గురించి అడిగినోళ్లకు వచ్చే వీడియోల చెప్త, ల్యాంప్ బొమ్మ గీసి చూపెడ్త. వస్తున్న, వస్తున్న బిడ్డా... ఉంట మరి.