తెలియజేయడం అంటే...
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఏళ్లకు పైగా డ్రాఫ్టులు రాసినవాణ్ణి కనుక, ఒక ఇంగ్లీషు మాట గురించి నాలుగు ముక్కలు మనవి చేస్తాను. ఆ మాట 'ఇంటిమేట్'. "యూ ఆర్ హియర్‌బై ఇంటిమేటెడ్" అని రాయని గుమాస్తా మనలో లేడు. వ్యాకరణం ప్రకారం అది తప్పు. 'ఇన్‌ఫార్మ్' అనే క్రియకు కర్మ మనిషి. ఫలానా వారిని ఇన్‌ఫార్మ్ చేస్తాము. 'అప్రైజ్' కూడా అంతే. 'ఇంటిమేట్'కు మాత్రం కర్మ విషయం. విషయాన్ని ఫలానా వారికి ఇంటిమేట్ చేయాలి. ఇక 'అప్రైజ్' బదులు 'అప్రేజ్' అని టైపు కొట్టామా, అధికారికి సంగతి తెలపడం పోయి, ఆయనకే వెల కట్టినట్లవుతుంది!

నవ్వుకున్నాం, బాగుంది. ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను.

పాతబస్తీలో నేను పనిచేసిన ఒక కార్యాలయానికి శాలిబండ నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. భర్త అటెండరుగా చేసి కాలం చేశాడు. లైఫ్ సర్టిఫికెట్ అందలేదని ఆమె ఫ్యామిలీ పెన్షను ఐదు నెలలుగా ఆగిపోయింది. ఫైలు తీశాను. "పార్టీ ఇంటిమేటెడ్" అని నోటు, కింద నా పొట్టి సంతకం. ఆమె సంచిలోంచి అదే జాబు తీసి, "సర్కారీ కాగజ్ అని పదిలంగ దాచిన సాబ్" అన్నది. ఆమె చదవగలిగింది ఉర్దూ, నేను రాసింది ఇంగ్లీషు. విషయం ఫైలుకు చేరింది, మనిషికి చేరలేదు.

తర్వాత పెన్షను బకాయిలతో సహా వచ్చింది. ఆ ఐదు నెలలు ఆమె ఎలా గడిపిందో ఏ ఫైలులోనూ లేదు.

మన తెలుగులో 'తెలియజేయడం' అంటే తెలిసేటట్లు చేయడం. అవతలివారికి తెలియకపోతే ఆ పని జరగనట్లే. తెలుగుకు 1966లోనే అధికార భాషా చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో ఉర్దూ రెండవ అధికార భాష అయింది. 2005 సమాచార హక్కు చట్టం కింద స్థానిక అధికార భాషలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయినా నేటికీ ఎందరి ఇళ్లకో అర్థంకాని జాబులు, సెల్‌ఫోన్లకు అర్థంకాని మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి.

అందుచేత నా విన్నపం ఒక్కటే. మీ గల్లీలో ఎవరైనా అటువంటి కాగితం పట్టుకొస్తే, చదివి, వారి భాషలో చెప్పి, "ఏమి అర్థమైంది?" అని అడగండి. వారు తిరిగి చెప్పగలిగిన నాడే మనం తెలియజేసినట్లు.

సెలవు.