జీతం ఒకరిది, హుకుం ఇంకొకరిది
(కౌకూర్‌లో చేసిన స్మారకోపన్యాసం)



మాస్టారి పేరిట మాట్లాడమంటే కాదనలేకపోయాను. ఆయన గొప్పతనమంతా ఆహ్వానపత్రంలోనే అచ్చయింది, మళ్లీ చదవను. దానికి నేను కలపగలిగింది ఒక్కటే. ఇ.హెచ్. కార్ 1939లో రాసిన 'ఇరవై ఏళ్ల సంక్షోభం' నా ప్రతిని ఆయన తీసుకెళ్లి పదకొండేళ్లు ఉంచుకున్నారు. అడిగినప్పుడల్లా "చదువుతున్నానయ్యా" అనేవారు. ఈమధ్య వాళ్లమ్మాయి తెరిచి చూపించింది. అంచుల నిండా నా వ్యాసాలకు జవాబులే! పుస్తకం మాత్రం ఇంకా చేతికి రాలేదు.

దేశాల మధ్య అధికారం అనగానే మీలోస్ దీవి, కౌటిల్యుడి మంత్ర ప్రభు ఉత్సాహ శక్తులు, మోర్గెన్‌థా, వాల్ట్జ్ వరసగా వస్తారు. ఎం.ఏ. పిల్లలకు ఇవన్నీ కంఠోపాఠం, దాటేస్తాను. మోర్గెన్‌థా పుస్తకం వచ్చింది 1948లో. ఆ ఏడాదే సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది, 17కల్లా నిజాం లొంగిపోయాడు. రెంటినీ ముడేసి, సైన్యం ఉన్నవాడిదే రాజ్యమని పాఠం చెప్పడం మనకు అలవాటైంది. ముప్పై ఏళ్లుగా నా పేచీ ఈ పాఠంతోనే.

సెప్టెంబర్ 16న పారిస్‌లో భద్రతామండలి హైదరాబాద్ ఫిర్యాదును ఎనిమిది ఓట్లతో అజెండాలోకి తీసుకుంది. ముగ్గురు ఓటు వేయలేదు. 22న నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు తంతి పంపాడు. హైదరాబాద్‌కు అసలు అక్కడికెక్కే అర్హత ఉందా అన్న చర్చ క్లైడ్ ఈగల్టన్ 1950 వ్యాసం నుంచి నేటిదాకా నడుస్తూనే ఉంది. ఆ అర్హత ఎక్కడ కరిగిందని నేనడుగుతాను. దానికి జవాబు వెతకడానికి పారిస్ దాకా పోనక్కర్లేదు. పక్కనే బొల్లారం ఉంది.

బొల్లారంలో కంటింజెంటు పటాలం ఉండేది. జీతం నిజాం ఖజానాది, అధికారులు ఇంగ్లీషువాళ్లు, హుకుం ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుది. తాను కూడు పెట్టే సిపాయిని తానే కదిలించలేని రాజు! కంపెనీతో నిజాం చేసుకున్న 1800 సంధి ప్రకారమే అది ఉందని నా విమర్శకులు రాశారు. సంధి పన్నెండో అధికరణం చదవండి. యుద్ధం వస్తే ఆరువేల కాల్బలం, తొమ్మిదివేల గుర్రం పంపాలని ఉంది. శాంతికాలంలో శాశ్వత పటాలాన్ని పోషించాలని లేదు. ఈ మాట నాది కాదు. ఆ సంధి వల్లనే నిజాం పటాలాన్ని పోషిస్తున్నాడని నిజాయితీపరుడిగా తాను చెప్పలేనని గవర్నర్ జనరల్ డల్హౌసీయే 1853లో రాసుకున్నాడు. అంతా రాసుకుని కూడా, అదే ఏడాది మే నెలలో, జీతాల బాకీ కింద బీరారు, రాయచూరు దోఆబు, ధారాశివ్ రాయించుకున్నాడు. 1860లో చివరి రెండూ తిరిగొచ్చాయి, యాభై లక్షల బాకీ రద్దయింది, బీరారు మాత్రం అక్కడే ఉండిపోయింది. 1902లో కర్జన్ దాన్ని ఏటా పాతిక లక్షలకు శాశ్వత కౌలు చేయించుకున్నాడు.

ఇందులో ఫిరంగి పేలిందా?

ఒకడు మరొకడిచేత తాను కోరింది చేయించడమే అధికారమన్నాడు రాబర్ట్ డాల్, 1957లో. ప్రశ్నను చర్చకే రానివ్వకపోవడమూ అధికారమేనని 1962లో బాక్‌రాక్, బరాట్జ్ సరిదిద్దారు. బీరారు తిరిగి అడిగిన నిజాంకు 1926 మార్చి 27న వైస్రాయ్ రీడింగ్ ప్రభువు పంపిన లేఖ అచ్చంగా ఇదే. బీరారు ఎవరిదన్న వాదనతో ఆగకుండా, సమానంగా కూర్చుని వాదించే హక్కే నీకు లేదు పొమ్మంది. సూసన్ స్ట్రేంజ్ 1988లో అధికారానికి నాలుగు పునాదులు చూపించింది. అందులో అప్పు పుట్టించే శక్తి ఒకటి. అప్పు రాసినవాడే హద్దులూ రాశాడు.

1948లో జనం పాత్రను, రైతాంగ పోరాటాన్ని చిన్నబుచ్చుతున్నానని ఒక మిత్రుడు కోప్పడ్డాడు. లేదు. కూలిన గోడను ఎవరు తోశారన్నది ఆయన లెక్క, దాని పునాది ఎవరు తవ్వుకుపోయారన్నది నా లెక్క.

ఇక ఇప్పుడు చేస్తున్న పని. ఐచిసన్ సంకలనంలోని హైదరాబాద్ సంధులను తెలుగులోకి తెస్తున్నాను. 1853 దగ్గర నెలల తరబడి ఆగిపోయాను. ఇంగ్లీషులో ఉన్నది 'అసైన్'. దత్తం అంటే దానమవుతుంది, తాకట్టు అంటే విడిపించుకునే హక్కు ఉన్నట్టవుతుంది, అప్పగింత అంటే ఇష్టపడి ఇచ్చినట్టవుతుంది. పవర్‌కూ ఇదే తంటా. బలం, శక్తి, అధికారం మూడూ మనకున్నాయి. పాఠ్యపుస్తకాలు మాత్రం ఒక్క 'శక్తి'తో సరిపెడతాయి. కంటింజెంటు దగ్గర బలం నిజాం సొమ్ముతో కొన్నది, అధికారం రెసిడెంటుది. ఒకే మాట వాడితే కథంతా మాయమైపోతుంది.

ఈ సభలో లష్కర్, బొల్లారం, రిసాలా బజార్ పాత కుటుంబాలవాళ్లు ఉన్నారు. ట్రంకుపెట్టెల్లో తాతముత్తాతల జీతం చీట్లు, పింఛను కాగితాలు, ఉర్దూలోనివైనా సరే, ఉంటే ఒక్కసారి చూపించండి. ఫొటో తీసుకుని ఆ పూటే ఇచ్చేస్తాను. మాస్టారిలా ఉంచుకోను.